దూరం నుంచి చూసిన డాక్టరమ్మ

మేడం పోయారన్న కబురు మేడం ఫోన్ నుంచే వచ్చింది.

ఆ పొద్దున అవనిగడ్డలో మా క్లినిక్ వసారాలో ఒక రైతు మోచేతి మీది మచ్చ ఫొటో తీసి ఎప్పటిలాగే ఆవిడకు పంపాను. చూసినట్టు గుర్తు పడింది. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ రాసే మనిషి కాబట్టి జవాబు ఆలస్యమవుతుందని తెలుసు. రైతును బల్ల మీద కూర్చోమని, ఈలోగా ఇంకొకరికి బీపీ చూస్తున్నాను. ఫోన్ టింగుమంది. "డాక్టరుగారూ, నేను మేడం మేనకోడలినండీ. అత్తయ్య ఈ తెల్లవారుజామున వెళ్ళిపోయారు. మీ ఫొటో ఎవరికి చూపించాలో తెలియడం లేదు" అని ఉంది అందులో.

ఎవరికి చూపించాలో నాకూ తెలియలేదు. రైతు నా ముఖం చూసి తన మచ్చ గురించే ఏదో చెడ్డమాట వచ్చిందనుకున్నాడు. "పెద్ద జబ్బాండీ?" అన్నాడు. కాదని తల ఊపాను. "చూసే ఆవిడ పోయారండీ" అన్నాను. ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకుని, లేచి వెళ్ళిపోకుండా, కాసేపు నా పక్కనే కూర్చున్నాడు.

మెడికల్ కాలేజీలో ఆవిడ నాకు చర్మవ్యాధుల పాఠం చెప్పారు. రిటైరయ్యాక బందరులో చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. గిలకలదిండి నుంచి వచ్చే చేపల ఆడవాళ్ళు, ఐసులో చేతులు నానిపోయినవాళ్ళు, ఉప్పునీళ్ళకు వేళ్ళ సందులు ఒరుసుకుపోయినవాళ్ళు ఆవిడ వసారా నిండా ఉండేవారు. నేనేమో దివిసీమలో జ్వరాలూ షుగర్లూ చూసుకునే మామూలు డాక్టర్ని. మా దగ్గరకు చర్మం జబ్బుతో ఎవరొచ్చినా "బందరు వెళ్ళి మేడంగారికి చూపించుకోండి" అని చీటీ రాసిచ్చేదాన్ని. వాళ్ళు సరేననేవారు. వెళ్ళేవారు కాదు. ఒకరోజు కూలి పోతుంది, వెంట ఒకరు రావాలి, బస్సు దిగి ఆటో ఎక్కాలి. అంతకంటే మందుల షాపులో ఒక స్టెరాయిడ్ ట్యూబు కొనుక్కోవడం తేలిక. ఆ ట్యూబు రాయగానే దురద తగ్గుతుంది. ఆ తర్వాతే అసలు గొడవ మొదలవుతుంది.

మొదటిసారి నేను ఫోన్ చేసి, ఫొటోలు పంపిస్తాను, వీడియోలో చూస్తారా అని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు.

"అమ్మాయ్, చర్మం అంటే ఫొటో అనుకున్నావా? ఇవాళ ఇది చూడమంటావు. రేపు ఫోన్లో కాన్పు చేయమంటావు."

నేను వాదించలేదు. మా దగ్గరకు వచ్చిన ఒక కాలేజీ అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాక ఆమె ముఖం ఫొటో పంపాను. తెల్లబడతానని ఎవరో చెబితే అదే షాపు ట్యూబు ఏడాదిపాటు రాసుకుంది. బుగ్గలు ఎర్రగా పలచబడి, కింద రక్తనాళాలు దారపు పోగుల్లా కనబడుతున్నాయి. తర్వాత ఆవిడే ఫోన్ చేశారు.

"పిల్ల ఏడుస్తోందా?"

"ఇప్పుడు లేదండీ. ఎండలోకి వెళితే మంటకి ఏడుస్తుందట."

"సరే. అసలు చూడకపోవడం కంటే ఇలా చూడటమే నయం. బుధవారం పొద్దున కూర్చుందాం. అయితే నా పద్ధతులు నీకు నచ్చవు."

పద్ధతులు చాలానే ఉండేవి. ఫ్లాష్ వాడకూడదు. ట్యూబులైటు కింద తీయకూడదు. పొద్దుటి వెలుతురు ఉండాలి, ఎండ మాత్రం పడకూడదు. ముందు దూరం నుంచి ఒకటి తీయాలి, ఆ మచ్చ మనిషి ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా. తర్వాతే దగ్గర నుంచి. మచ్చ ఒక్కటే పంపితే ఆవిడకు కోపం. "ఇది ఎవరి మీద ఉందో చెప్పకుండా ఇదేమిటో ఎలా చెప్పనే? మనిషిని పంపు" అనేవారు. చూడటం అయిపోగానే నా ఫోన్లోంచి ఫొటోలు తీసేయాలి. తీసేశానని ఆ మనిషికి చూపించాలి.

ఇంకొకటి. పేషెంటు ఎవరైనా సరే, పొలం పనివాళ్ళయినా, పిల్లలైనా, ఆవిడ "మీరు" అనే పిలిచేవారు. నేను ఒకసారి ఒక కుర్రాణ్ణి "చొక్కా తియ్యరా" అన్నానని ఫోన్లోంచే కేక వేశారు. పేషెంటు వెళ్ళాక నెమ్మదిగా చెప్పారు. "బట్ట తొలగించి నీ ముందు నిలబడ్డవాళ్ళకి ఇంకేం మిగిలిందే? కనీసం 'మీరు' అన్న మాటైనా కప్పాలి."

అలా మా బుధవారాలు మొదలయ్యాయి. ఇప్పుడు తలుచుకుంటే అవి నిజంగా జరిగాయా, నేను కలగన్నానా అనిపిస్తుంది. మా వసారా పక్కనే పంట కాలువ. పొద్దున పూట నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద పడి మెల్లగా అల్లాడుతూ ఉండేది. దాని కింద పేషెంట్లు గోడవారగా కూర్చునేవారు. ఫోన్ని కిటికీ ఊచకు ఆనించేదాన్ని. బందరులో కాకులు అరుస్తుంటే అవనిగడ్డలో మాకు వినబడేది. అక్కడ టీ కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు ఇక్కడ మా మధ్యలోనే పెట్టినట్టుండేది. ఒక్కోసారి సిగ్నల్ ఆగిపోయి బొమ్మ కదిలేది కాదు. మాట మాత్రం వస్తూనే ఉండేది. కదలని ఆ పెదవుల వెనక నుంచి వచ్చే గొంతును మా వాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు.

మా ఫొటోలకు అన్ని వంకలు పెట్టే మనిషికి తన ఫోన్ పట్టుకోవడం మాత్రం చేతనయ్యేది కాదు. మాకు ఎప్పుడూ ఆవిడ సగం నుదురు, తిరుగుతున్న ఫ్యాను కనిపించేవి. "మేడం, కొంచెం కిందికి దించండి" అంటే, "నన్ను చూసి ఏం చేస్తావు? నేను చూడాలి కానీ" అనేవారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆమె వచ్చింది. దివిసీమ చివర, గాలిలో ఉప్పువాసన ఉండే ఒక ఊళ్ళో, బడిపిల్లలకు మధ్యాహ్నం భోజనం వండేది. పేరు రాయనని మాటిచ్చాను. పిల్లలు ఆమెను అన్నం పిన్ని అనేవారు, నేనూ అలాగే అంటాను. నలభై దాటిన మనిషి, భర్త లేడు, కూతురు ఇంటర్ చదువుతోంది. ముంజేతి మీద అరచెయ్యంత మేర చర్మం కాస్త పాలిపోయి ఉంది. నొప్పి లేదు, దురద లేదు. "ఊరికే చూపిద్దామని వచ్చానండీ. పిల్లలు అడుగుతున్నారు, పిన్నీ అదేంటని" అంది నవ్వుతూ.

ఫొటోలు పంపాను. మేడం వీడియోలోకి వచ్చారు. మచ్చ గురించి ఏమీ అడగలేదు.

"అమ్మా, ఆ మచ్చ పక్కన, మణికట్టుకి దగ్గరగా, ఆ బొబ్బ ఎప్పుడు లేచిందండీ మీకు?"

అన్నం పిన్ని తన చెయ్యి తిప్పి చూసుకుంది. "ఏ బొబ్బండీ?"

వసారాలో అందరం ఆ చెయ్యి వైపు చూశాం. నీళ్ళు నిండిన బొబ్బ ఉంది. అన్నం గుండిగ అంచు తగిలి కాలి ఉంటుంది. అది ఎప్పుడు కాలిందో ఆమెకు తెలియదు.

మేడం గొంతు మారింది, పాఠం చెప్పేటప్పటిలా నెమ్మదిగా. "అమ్మాయ్, ఆవిణ్ణీ ఫోన్నీ లోపలికి తీసుకెళ్ళు. తలుపు వెయ్యి. దూది సన్నగా మెలిపెట్టు. ఆవిణ్ణి కళ్ళు మూసుకోమను. నా చేతులు అంతదూరం రావు. నీ చేతులే వాడాలి."

అన్నం పిన్ని కళ్ళు మూసుకుంది. తాకినప్పుడల్లా చెప్పమన్నాను. భుజం మీద తాకాను. "ఆ." మోచేతి దగ్గర తాకాను. "ఆ." మచ్చ మీద తాకాను. ఆమె ముఖం ప్రశాంతంగా అలాగే ఉంది. మళ్ళీ తాకాను. కళ్ళు మూసుకునే అడిగింది, "ఆపేశారేంటండీ?"

మేడం చెప్పినట్టు మోచేతి వెనక ఎముక పక్కన వేలితో తడిమాను. అక్కడి నరం లావుపాటి తాడులా వేలికి తగిలింది. ఆ మాట పైకి చెప్పాను. తెర మీది సగం నుదురు కళ్ళు మూసుకున్నట్టు ముడతపడింది.

జబ్బు పేరు మేడమే చెప్పారు. నన్ను చెప్పనివ్వలేదు. కుష్ఠు అన్నారు. దాచకుండా, ఆ పేరుకీ జలుబు పేరుకీ తేడా లేనట్టుగా అన్నారు. "మందు ఉందండీ. గవర్నమెంటు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. పూర్తిగా తగ్గుతుంది. మీరు తొందరగా వచ్చారు, వేళ్ళు వంకర పోకముందే వచ్చారు. మీ చెయ్యి మీకే ఉంటుంది."

అన్నం పిన్ని ఏడవలేదు. "మా ఊళ్ళో ఈ మాట తెలిస్తే నా చేత్తో మంచినీళ్ళు కూడా తాగరండీ" అంది, అంతే.

మందు మొదలైంది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత పక్కింటావిడ ఆ మాత్రల అట్టను చూసింది. ఆవిడ తమ్ముడు ఎక్కడో ఆసుపత్రిలో పనిచేస్తాడు, ఏ మందో చెప్పాడు. రెండు రోజుల్లో బడిలో సగంమంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు, భయస్తులు. "కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమ్మా, గొడవ సద్దుమణిగాక చూద్దాం" అన్నారట.

ఆమె నా దగ్గరకు వచ్చి మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. "మందు మానేస్తానండీ. జబ్బేం లేదు, డాక్టర్లు పొరపాటు పడ్డారని చెప్పుకుంటాను. వంట పోతే నా కూతురి చదువు ఆగిపోద్ది."

అప్పటికి మేడంకి ఒంట్లో బాగుండేది కాదు. గుండె బలహీనమైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. ఆరోజు బుధవారం కాదు. అయినా ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"ముందు ఆవిడకి టీ ఇప్పించు" అన్నారు.

టీ వచ్చింది. తర్వాత మేడం అడిగారు. "అమ్మా, మీరు ఒప్పుకుంటే మీ ఊరివాళ్ళతో నేను మాట్లాడతాను. ఒప్పుకోకపోతే ఈ మాట ఈ గది దాటదు, మీ మీద కోపమూ ఉండదు. కానీ మందు మాత్రం మానకండి. ఆ చెయ్యి మీకు చాలా కాలం కావాలి."

అన్నం పిన్ని ఆలోచించుకుంటానని వెళ్ళింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి, "నేనూ పక్కనే కూర్చుంటానండీ. నా గురించి నేను లేకుండా మాట్లాడొద్దు" అంది. అట్టలో మాత్రలు ఏ రోజువి ఆ రోజు తగ్గాయి. నేను అడక్కుండానే చూపించింది.

ఒక మధ్యాహ్నం బడి వంటసాల ముందు తల్లులంతా కూర్చున్నారు. కందిపప్పు డబ్బాకి ఆనించి ఫోన్ పెట్టాను. సరుగుడు చెట్ల మీంచి సముద్రపు గాలి వస్తోంది. తెర మీద మేడం సగం నుదురు, వెనక ఫ్యాను. జబ్బు ఎలా వస్తుందో, ఎలా తగ్గుతుందో, మందు వేసుకుంటున్న మనిషి నుంచి ఇంకొకరికి ఎందుకు అంటదో ఆవిడ చెప్పారు. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగారు. అందరూ విన్నారు. చివరి వరసలోంచి చంకన పిల్లాడితో ఒకామె లేచింది.

"ఏమండీ, మీరు అక్కడెక్కడో బందర్లో కూర్చుని అంటదు అంటారు. తినేది మా పిల్లలండీ. మీరు ఇక్కడికి రాను కూడా రాలేదు. మీ మాటెలా నమ్మాలి?"

మేడం సంతోషపడినట్టే ఉన్నారు.

"నిజమే తల్లీ. నేను దూరంగా ఉన్నాను. నా మాట నమ్మమని నేనూ అడగను. మా అమ్మాయి మీ పక్కనే ఉంది కదా, దాన్ని అడుగుతాను, వినండి. అమ్మాయ్, ఈవిడ చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నావు?"

"లెక్క లేదండీ."

"గ్లవ్స్ వేసుకునే పట్టుకున్నావా?"

"లేదండీ."

"నీకు పిల్లలున్నారా?"

ఉన్నారని ఆవిడకు బాగా తెలుసు. నా కూతురి పుట్టినరోజుకి గౌను పంపిన మనిషి. "పాప ఉందండీ" అన్నాను.

"ఇంటికెళ్ళి దాన్ని ఎత్తుకుంటావా?"

"రోజూ ఎత్తుకుంటానండీ. దానికి అన్నం కూడా నేనే తినిపిస్తాను."

తల్లులు నా చేతుల వైపు చూశారు. నా చేతుల్ని అంతమంది అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. అన్నం పిన్ని తల వంచుకుని కూర్చుంది. నేను ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

ముందు వరసలోని ఒక ముసలావిడ చేతుల మీద ఆనుకుని లేచి ఫోన్ దగ్గరికి వచ్చింది. "సరే కానీ డాక్టరుగారో, ఈ కాలి దురద సంగతి కూడా కాస్త చూడండి. ఏళ్ళ తరబడి చంపుతోంది" అంటూ పాదం ఎత్తి తెరకు అడ్డంగా పెట్టింది. నవ్వులు. "అంత దగ్గరగా కాదమ్మా, కాస్త వెనక్కి జరగండి, వెలుతురు రానివ్వండి" అంటోంది మేడం గొంతు. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఒకామె జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటోంది. ఒకామె పిల్లాడి నెత్తి మీది పొక్కులు చూపిస్తోంది. ఆ ఊరికి చర్మం డాక్టరు రావడం అదే మొదలు.

అన్నం పిన్ని మర్నాడే పనిలోకి వెళ్ళలేదు. కొంత కాలం పట్టింది. క్యారేజీలు ఒక్కొక్కటే రావడం మానేశాయి. ఆ ప్రశ్న అడిగినామె పెద్దకొడుకు మాత్రం చాలా రోజులు ఇంటి అన్నమే తెచ్చుకున్నాడు. ఒకరోజు వాడే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాడట. అన్నం పిన్ని ఫోన్ చేసి నాకు చెప్పింది. నేను మేడంకి చెప్పాను. "ఆ తల్లి మంచి ప్రశ్న అడిగింది. నా క్లాసులో ఏళ్ళ తరబడి ఎవరూ అడగలేదు" అన్నారు.

మందు పూర్తయింది. మచ్చ చాలావరకు ఒంటి రంగులో కలిసిపోయింది. అక్కడ స్పర్శ పూర్తిగా రాలేదు, రాదని మేడం ముందే చెప్పారు. వేళ్ళు అయిదూ బాగున్నాయి. గుండిగ దించేటప్పుడు దళసరి గుడ్డ చుట్టుకుంటుంది.

చివరి నెలల్లో మేడం బందరు క్లినిక్ మూసేసి, గుడివాడలో తమ్ముడి ఇంటికి మారారు. బుధవారాలు మానలేదు. మాటలు తగ్గాయి. ఫొటో చూసి మందు పేరు ఒక్కటే చెప్పేవారు, లేదా "ఇది నీకు వచ్చు, నువ్వే చెప్పు" అనేవారు. నేను చెప్పాక "ఊఁ" అనేవారు. ఒక్కోసారి ఆ "ఊఁ" రావడం ఆలస్యమయ్యేది, నిద్రపోయారేమో అనుకునేదాన్ని. ఒక వానరోజు పేషెంట్లెవరూ రాలేదు. "ఫోన్ కాలువ వైపు తిప్పు" అన్నారు. తిప్పి పట్టుకున్నాను. నీళ్ళ మీద చినుకులు పడుతుంటే ఇద్దరం చాలాసేపు చూశాం, ఆవిడ గుడివాడలో, నేను అవనిగడ్డలో.

ఆవిడ పోయారని అన్నం పిన్నికి నేనే చెప్పాను. "ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడనే లేదండీ" అంది. "ఎదురుగా ఒక్కసారైనా చూడలేదు. ఎదురుపడితే గుర్తు కూడా పట్టేదాన్ని కాదేమో." మళ్ళీ తనే, "గొంతైతే గుర్తుపట్టేదాన్నే" అంది.

గుడివాడ వెళ్ళాను. ముందుగదిలో కీర్తనలు పాడుతున్నారు. ముదినేపల్లి వైపు పల్లె నుంచి చుట్టాలొచ్చారు. గుమ్మం బయట గిలకలదిండి ఆడవాళ్ళు కొంగులు తల మీద కప్పుకుని నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు, చేపల వాసనని మొహమాటపడ్డారు. మేనకోడలు బయటికి వచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ రైతు మచ్చను ఎవరికి చూపించాలో ఆ అమ్మాయే చెప్పింది. మేడం శిష్యురాలు ఒకావిడ ఇకనుంచి బుధవారాలు చూస్తానందట. మేడమే ముందుగా మాట్లాడి పెట్టారు. నాకు చెప్పలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పామర్రులో నా పక్కన ఒకామె ఎక్కింది. ఎవరో తెలియదు. ఏ పొలం పని నుంచి వస్తోందో, గోళ్ళ చుట్టూ మట్టి. కూర్చుని కళ్ళు మూసుకుంది. చల్లపల్లి దాటేసరికి ఆమె తల నా భుజం మీదకు వాలిపోయింది. నేను కదల్లేదు. రెండువైపులా పచ్చటి చేలు, వాటి మీద పల్చగా దిగుతున్న సాయంత్రం. పులిగడ్డ దగ్గర నది మీదకు వచ్చేసరికి నీళ్ళ మీంచి చల్లటి గాలి లోపలికి కొట్టింది. నా చేతికి ఆని ఉన్న ఆమె చెయ్యి మీద సన్నటి నూగు మెల్లగా నిక్కబొడుచుకుంది. ఆమె నిద్ర లేవకుండా, రెండో చేత్తో కిటికీ అద్దం సగం వరకు జరిపాను.